పదకొండు ఒకట్లు, ఒక సున్న

కొత్తగా పంతులు ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, "మీ సర్వీసులో మరిచిపోలేనిది ఏదన్నా చెప్పండి సార్" అని అడుగుతుంటారు. నా దగ్గర చదివి కలెక్టర్లయిన శిష్యుల కథలు ఉంటాయని వాళ్ల ఆశ. ముప్ఫై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పిన నాకు మరిచిపోలేనిదల్లా ఒక భాగాహారం. అది కూడా నేను తప్పు చేసింది.

మాది నల్లగొండ జిల్లా తిరుమలగిరి దగ్గర ఒక ఊరు. మా నాయిన గొర్లు కాసేవాడు. మా వంశంలో నూటికి మించి లెక్కపెట్టవలసిన అవసరం నాకు ముందు ఎవరికీ రాలేదు. అలాంటి ఇంట్లోంచి హైదరాబాదు పోయి బి.యస్సీ. పాసయ్యేసరికి నా తల ఇక నా భుజాల మీద నిలవలేదు. యాభైల చివర్లో మహబూబ్‌నగర్ జిల్లా ఆత్మకూరు హైస్కూల్లో లెక్కల పంతులుగా వేశారు. కొత్తకోటలో దిగి, రెండో బస్సు కోసం పెట్టె మీద కూర్చుని, ఈ ఊళ్లో నాకంటే లెక్కలు తెలిసినవాడు ఉండడు గదా అనుకోవడం నాకు బాగా గుర్తు. కిరాయికి తీసుకున్న గది తలుపు మీద మొదటి వారంలోనే పేరూ, పేరు కింద బి.యస్సీ. అనీ రాయించాను. పేరు కంటే డిగ్రీ అక్షరాలే పెద్దవి.

అప్పుడప్పుడే బడులు ఉర్దూ నుంచి తెలుగులోకి మారుతున్నాయి. నేను ఉర్దూలో 'ముఫ్రద్' అని చదువుకున్నదాన్ని పిల్లలకు 'ప్రధాన సంఖ్య' అని చెప్పాలి. ఒకటితోనూ, తనతోనూ తప్ప ఇంక దేనితోనూ శేషం లేకుండా భాగం పోని సంఖ్య ప్రధాన సంఖ్య. ఏడు, పదకొండు, పదమూడు అలాంటివి. ఒకరోజు తొమ్మిదో తరగతిలో అది చెబుతూ సరదాగా బోర్డు మీద ఒకట్లు రాసుకుంటూ పోయాను. రెండు ఒకట్లు పక్కపక్కన రాస్తే పదకొండు, అది విరగదు. మూడు రాస్తే 111, మూడు ముప్ఫై ఏడులు. నాలుగు రాస్తే పదకొండుతో విరుగుతుంది. అయిదు రాస్తే 41తో, ఆరు రాస్తే మూడుతో. ఏడు ఒకట్లు కాస్త మొండికేస్తాయి గానీ 239 దగ్గర లొంగిపోతాయి. ఎనిమిది, తొమ్మిది, పది సులువుగా విరుగుతాయి. మరి పదకొండు ఒకట్లు రాస్తే?

11,111,111,111. పదకొండు వందల పదకొండు కోట్ల పదకొండు లక్షల పదకొండు వేల నూట పదకొండు. నోటితో పలికితేనే ఏదో మంత్రంలా ఉంది. మూడు రోజులు చిన్నా చితకా సంఖ్యలతో కొట్టి చూశాను. విరగలేదు. నాలుగోరోజు మధ్యాహ్నం పంతుళ్ల గదిలో, "ఇది ప్రధాన సంఖ్యే" అని ప్రకటించాను. ఆధారమేమీ లేదు. పదకొండు తానే విరగనిది, దానికి తోడు పదకొండు ఒకట్లు, ఇంక ఎట్లా విరుగుతుంది అన్నదే నా తర్కం. ఆ మాట ఒక శిష్యుడు పరీక్షలో రాస్తే సున్న వేసేవాణ్ని.

హెడ్మాస్టరు పాతకాలపు మనిషి. చాయ్ సాసరులో పోసుకుని తాగుతూ, "సబూత్ ఏంది?" అన్నాడు.

"చూపిస్త సార్. జర టైం ఇయ్యుండ్రి" అన్నాను.

రుజువు చేయడమంటే భాగించడమే. అంత పెద్ద సంఖ్య అయినా, దాని వర్గమూలం దాకా చూస్తే చాలు. అది లక్షా అయిదు వేల నాలుగు వందల చిల్లర. పైగా ఈ సంఖ్యను విరిచే ప్రధాన సంఖ్య ఏదన్నా ఉంటే, దాన్ని ఇరవై రెండుతో భాగించినప్పుడు ఒకటే మిగలాలి. ఈ ఒక్క సూత్రం మాత్రం కాలేజీలో శ్రద్ధగా విన్నాను. ఆ లెక్కన ఏరుకుని, వాటిలోంచి మళ్లీ మూడు, అయిదు, ఏడు, పదమూడుతో పోయేవి కొట్టేస్తే సుమారు రెండు వేల సంఖ్యలు మిగిలాయి. రెండు వేల పొడుగు భాగాహారాలు! ఒక్కడివల్ల అయ్యే పని కాదు.

అప్పుడు ముందుకు వచ్చినవాడు మగ్గం సారు.

మా బడి వెనక షెడ్డులో నాలుగు మగ్గాలుండేవి. పిల్లలకు నేత నేర్పడానికి ఒక పంతులు. సాలె కుటుంబం వాడు. ఏడో తరగతి ఉర్దూలో పాసై, నేతలో ట్రెయినింగు చేసి వచ్చాడు. నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. అయినా నేను ఆయన్ని "ఏమయ్యా" అనేవాణ్ని, ఆయన నన్ను "సార్" అనేవాడు. డిగ్రీ ఉన్నవాళ్లమంతా అట్లాగే పిలిచేవాళ్లం. అందులో తప్పుందని మాకు తోచలేదు.

"నూలు రాక మగ్గాలు ఖాళీగున్నయి సార్. నాకు సగం ఇయ్యుండ్రి, చేస్త" అన్నాడు.

"భాగారం వస్తదా నీకు? పెద్దవి సుమా."

"వెయ్యి పోగులు మగ్గం అచ్చుల ఎక్కిస్తం సార్. ఒక్క పోగు తప్పినా బట్ట మొత్తం చెప్తది. నిమ్మళంగ చేస్త."

అట్లా మొదలైంది. బడి గంటకు ముందు ఒక గంట, ఖాళీ పీరియడులో కొంత. ఆయన రాత్రి ఇంట్లో కూడా చేసేవాడు. ఇద్దరికీ చెరొక లావుపాటి నోటు పుస్తకం. నా పుస్తకంలో కొట్టివేతలు, సిరా మరకలు, మధ్యలో చాయ్ గ్లాసు గుండ్రాలు. ఆయన పుస్తకం నేసిన బట్టలా ఉండేది. ప్రతి భాగాహారం పక్కన భాజకానికి ఒకటి నుంచి తొమ్మిది దాకా ఎక్కం, చివర శేషం కింద రెండు గీతలు. అది చూసి మురిసిపోవలసింది పోయి, చిన్నబుద్ధితో, "ఇంత నిదానమైతే ముసలోళ్లమైతం" అని ఎగతాళి చేసేవాణ్ని.

నాలుగు వందలు దాటాక ఒకరోజు పొద్దున ఆయన దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఎప్పుడూ లేనిది, ముఖమంతా నవ్వు.

"సార్, ఇరిగింది!"

"ఏమిరిగింది?"

"మన సంఖ్య సార్. ఇరవై ఒక్క వేల ఆరు వందల నలభై తొమ్మిదితోని. శేషం సున్న."

ఆ సంఖ్య విరగదని బడిలోనే కాదు, బయట చాయ్ దుకాణంలో కూడా చెప్పి ఉన్నాను. మంగలి దుకాణంలో నా వెనక, "ఒకట్ల సార్" అనుకుంటున్నారు. అలాంటి పరిస్థితిలో ఒక ఏడో తరగతి పాసైనవాడు వచ్చి విరిగిందంటాడా?

"ఇటు తే" అని ఆయన పుస్తకం లాక్కుని, ఎర్ర సిరా కలం తీసి, అక్కడే గబగబా నేనూ భాగించాను. ఎక్కం రాసుకున్నాను. భాగించాను. చివర మూడు వందల అరవై మిగిలింది. ఎంత హాయిగా ఊపిరి పీల్చుకున్నానో! ఆయన రాసిన సున్న కొట్టేసి, పక్కన ఎర్రగా 360 అని వేసి, కింద 'జాగ్రత్త' అని కూడా రాశాను, మూడో తరగతి పిల్లవాడికి రాసినట్టు.

"జర ఇంకోపారి చూడుండ్రి సార్" అన్నాడు.

"చూసిన. గంట కొడుతున్నరు, పో."

మర్నాడు ఒక కాగితం పట్టుకుని మళ్లీ వచ్చాడు. "గుణించి గూడ చూసిన సార్. మూడుపార్లు. సరిగ్గ పదకొండు ఒకట్లు వస్తున్నయి."

ఆ కాగితం చూస్తే చాలు, నిమిషం పని. చూడలేదు. అప్పుడు నేనన్న మాట ఇక్కడ రాయడానికి ఈ వయసులో కూడా చెయ్యి ఆగుతోంది. "బి.యస్సీ. చదివింది నువ్వా, నేనా?" అన్నాను.

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మీరే సార్" అన్నాడు. పుస్తకం తీసుకుని తరువాతి సంఖ్యకు పోయాడు. మళ్లీ ఆ ఊసెత్తలేదు. నేనూ మరిచిపోయాను. మరిచిపోవడం నాకు లాభమైన పని.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆయనది తాత్కాలిక ఉద్యోగం. ఏడాదికోసారి పొడిగింపు ఆర్డరు రావాలి. ఆ ఏడు ఖాయం చేసే సంగతి కదిలింది. హెడ్మాస్టరు నన్ను గదిలోకి పిలిచి, "మీరిద్దరు కలిసే కూచుంటరు గదా, ఆద్మీ ఎట్లున్నడు?" అని అడిగాడు.

"మంచోడే సార్. చెయ్యి పని మస్తు. లెక్కల జర కచ్చా" అన్నాను.

కావాలని అనలేదు. అంతకంటే అన్యాయంగా, ఆలోచించకుండా అన్నాను. నూలు కండెలు లెక్క చూసుకోవలసిన మనిషికి లెక్కలు రావు అని రాస్తే ఏమవుతుందో అప్పుడు నాకు తట్టలేదు. హెడ్మాస్టరు ఆ మాటను మంచి ఇంగ్లీషులో రాసి పైకి పంపాడు. ఖాయం కాగితం ఆగిపోయింది. ఎందుకు ఆగిందో మగ్గం సారుకు ఆఫీసు బంట్రోతు చెప్పాడట. నాకు ఆ సంగతీ తెలియదు. ఆయన మాత్రం పొద్దున్నే వచ్చి నా ఎదురుగా కూర్చుని భాగాహారాలు చేస్తూనే ఉన్నాడు.

ఇంకో ఏడాది గడిచింది. చివరి సంఖ్య కూడా అయింది. ఎక్కడా సున్న రాలేదు. నేను మూడు పేజీల ఉత్తరం రాసి, నాకు కాలేజీలో చదువు చెప్పిన లెక్కల లెక్చరరు గారికి హైదరాబాదు పంపాను. 'నేను నిరూపించితిని' అని మొదలుపెట్టాను. మగ్గం సారు గురించి, 'ఒక సహాయకుని తోడ్పాటుతో' అని ఒక ముక్క. పేరు లేదు.

పది రోజులకు తనిఖీ వచ్చింది. జిల్లా విద్యాధికారి కోస్తా వైపు నుంచి కొత్తగా వచ్చినాయన. సన్నగా, మెల్లగా మాట్లాడేవాడు. లెక్కల ఎమ్మే. ఆయన లెక్కల మనిషని తెలిసి హెడ్మాస్టరు ఉబ్బిపోయాడు. "మా లెక్కల సారు పెద్ద కమాల్ చేసిండు" అని పదో తరగతి గదిలో అందరినీ కూర్చోబెట్టాడు. అరవై మంది పిల్లలు, వెనక గోడకు ఆనుకుని పంతుళ్లు, వాళ్లలో చివరన మగ్గం సారు. నేను ఇస్త్రీ కోటు వేసుకుని పదిహేను నిమిషాలు మాట్లాడాను. ఆ కోటు పెళ్లికి కుట్టించుకున్నది.

అధికారి గారు రెండు నోటు పుస్తకాలూ తెప్పించుకుని ఓపిగ్గా తిరగేశారు. రెండో పుస్తకంలో ఒకచోట ఆగారు.

"మాస్టారూ, ఈ పుస్తకమంతా నల్లసిరా. ఇక్కడొక్కచోటే ఎర్రగా ఉందేమండీ?"

వదిలెయ్యొచ్చు. ఏదో పొరపాటండీ అనొచ్చు. కానీ నేనెంత జాగ్రత్తగల మనిషినో చూపించే అవకాశం దొరికిందనుకున్నాను. "అది మా మగ్గం సారు చేసిన తప్పు సార్. సున్న అని వేసిండు. నేను పట్టుకుని దిద్దిన" అన్నాను.

"అలాగా. అయితే అదే బోర్డు మీద చెయ్యండి. పిల్లలక్కూడా తెలుస్తుంది, చిన్న తప్పు ఎంత పనిచేస్తుందో."

సుద్దముక్క తీసుకున్నాను. పదకొండు ఒకట్లు వరుసగా రాశాను. పక్కన 21649. అయిదుసార్లు పోయింది. ఒకటి దించాను. ఒకసారి. తరువాత మూడు, రెండు, మూడు. పిల్లలు నాతో పాటు గొంతు కలుపుతున్నారు. చివరి ఒకటి దించాను. మిగిలింది 194841. ఇంక తొమ్మిదిసార్లు. ఆరోజు హడావుడిగా రాసుకున్న ఎక్కం ఇప్పుడు నా ముందు లేదు. అందరూ చూస్తున్నారు గనక బోర్డు మీదే, వినబడేట్టు గుణించాను. తొమ్మిది తొమ్మిదులు ఎనభై ఒకటి, ఒకటి వేసి ఎనిమిది చేతిలో...

194841.

పైన 194841, కింద 194841. ఎర్రసిరాతో రాసిన రోజు ఎనిమిదినీ నాలుగునూ తారుమారు చేసి 194481 అని వేసుకున్నానన్నమాట. నా చెయ్యి బోర్డు మీదే ఆగిపోయింది. తీసివేత ఇంకా చేయలేదు. చేస్తే గదా తెలిసేది అన్నట్టు నిలబడ్డాను. కానీ అరవై మందికి తీసివేత నేర్పినవాణ్ని నేనే.

"సున్నా!" అన్నారు పిల్లలంతా ఒక్క గొంతుతో.

హెడ్మాస్టరుకు దగ్గు వచ్చింది. అధికారి గారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "శేషం ఎంతండీ మాస్టారూ?" అన్నారు.

"సున్న సార్."

వెనక్కి తిరిగి చూశాను. మగ్గం సారు నవ్వడం లేదు. తలెత్తి చూడటం కూడా లేదు. తప్పు తనదే అన్నట్టు నేలకేసి చూస్తున్నాడు. లెక్కల జర కచ్చా అన్న నా మాట సరిగ్గా అప్పుడు గుర్తొచ్చింది.

తరగతి వదిలాక హెడ్మాస్టరు గదిలోకి వెళ్లాను. నేనన్న మాట వాపసు తీసుకుంటానన్నాను.

"పైకి పోయిన కాయితం ఎట్ల వాపసొస్తదయ్యా?" అన్నాడాయన.

అధికారి గారు అక్కడే చాయ్ తాగుతున్నారు. ఆయనకు అంతా చెప్పాను. ఎర్రసిరా, గుణించిన కాగితం చూడకపోవడం, బి.యస్సీ. మాట, అన్నీ. ఆయన ఒక తెల్లకాగితం నా వైపు జరిపారు. "ఇదంతా రాసివ్వండి. నాతో తీసుకెళతాను."

'లెక్కల్లో అజాగ్రత్త నాది, ఆయనది కాదు' అని రాసి సంతకం పెట్టాను. అలవాటు కొద్దీ సంతకం కింద బి.యస్సీ. అని కూడా వేశాను. ఆయన చదివి, మడిచి, "రెండేళ్లలో మీరు తప్పు లేకుండా తేల్చింది ఇదొక్కటేనండీ" అన్నారు.

సాయంత్రం సాలెవాడకు పోయాను. మగ్గం సారు ఇల్లు అంతకుముందు ఎన్నడూ చూడలేదు. అడిగి అడిగి పట్టుకున్నాను. ఆయన భార్య గుంత మగ్గం మీద కూర్చుని నేస్తోంది. నన్ను చూసి పని ఆపింది గానీ లేవలేదు. ఆయన గబగబా పీట వేశాడు. నేను కూర్చోలేదు.

"అన్నా, తప్పు నాది" అన్నాను. ఆ పిలుపు నోటికి కొత్త.

"అయ్యో, లెక్క గద సార్. ఎవలకన్న తప్పుతది."

మగ్గంలోంచి ఆమె అందుకుంది. "గాయిన గట్లనే అంటడు. నేన్ చెప్త ఇను సారూ. సున్న వచ్చిన దినం ఇంట్ల పండుగ చేసుకున్నం. మా ఆయన గంత పెద్ద సంఖ్యను ఇరగ్గొట్టిండని వాడకట్టుల అందరికి చెప్పిన. పొద్దుగాలనే పాయసం వండిన. బడికాంచి వచ్చినంక తిందామని గిన్నె మీద మూత పెట్టిన. వచ్చిండు, ఎర్రసిర చూపిచ్చిండు. పాయసం ముట్టలే. ఎనిమిది దినాలు సక్కంగ అన్నం తిన్లే."

"నువ్వు జర ఊకో" అన్నాడాయన.

"ఊకుంట. ఏడాదిన్నర సంది ఊకునే ఉన్న."

నేను ఆయన వైపు తిరిగి, "నీకు ఖాయంగ తెలుసు గదా అన్నా, అది విరిగిందని. మరి తరువాత నీ వంతు ఎనిమిది వందల లెక్కలు ఎందుకు చేసినవ్? ఆనాడే పుస్తకం నా మొఖాన కొట్టాల్సింది" అన్నాను.

ఆయన పడుగు పోగులు సర్దుతూ అన్నాడు: "ఇంకోటి దొరుకుతదేమో అని చూసిన సార్. గిదైతే మీరు తప్పన్నరు. ఇంకోదానితోని గూడ ఇరిగితే, గదన్న ఒప్పుకుంటరేమో అని."

పీట మీద కూలబడ్డాను. ఆ సంఖ్యకు ఇంకోటి లేదు. 21649, రెండోది 513239. ఈ రెండూ విరగనివే. రెండోది మేము చూడాలనుకున్న హద్దుకు ఎంతో అవతల ఉంది. హద్దు లోపల ఆ ఒక్కటే ఉంది. దాన్ని ఆయన పట్టుకున్నాడు, నేను కొట్టేశాను. లేని రెండోదాని కోసం, నన్ను ఒప్పించడానికి, ఆ మనిషి ఏడాదిపైన పొద్దున్నే వచ్చి నా ఎదుట కూర్చున్నాడు.

ఆయన ఉద్యోగం ఖాయమైంది. కాకపోతే ఇంకో ఏడాది పట్టింది. రాసిన మాట పైకి ఎంత తొందరగా పోతుందో, దిద్దిన మాట అంత నిదానంగా పోతుంది. ఆ ఏడాది వాళ్లింట్లో ఎట్లా గడిచిందో నేనెప్పుడూ అడగలేదు. అడిగే ముఖం లేదు. ప్రార్థన దగ్గర పిల్లలందరి ముందు నిలబడి, విరిచింది ఎవరో, కాదన్నది ఎవరో చెప్పాను. తలుపు మీది డిగ్రీ చెరిపించాలనుకున్నాను గానీ ఇంటాయన తలుపు పాడవుతుందన్నాడు. అది ఉన్నన్నాళ్లూ దాన్ని తోసుకునే లోపలికి పోయి వస్తుండేవాణ్ని.

తనిఖీ అయిన మర్నాడే హైదరాబాదుకు ఇంకో ఉత్తరం కూడా రాశాను. ఈసారి మగ్గం సారు పేరుతో మొదలుపెట్టాను. మూడు వారాలకు రెండు ఉత్తరాలకూ కలిపి లెక్చరరు గారి దగ్గరనుంచి ఒక కార్డు వచ్చింది. దాన్ని చదవకుండా షెడ్డుకు తీసుకుపోయి ఆయన చేతిలో పెట్టాను. ఆయన మగ్గం పక్కన నిలబడి కూడబలుక్కుంటూ పైకి చదివాడు. పదకొండు ఒకట్ల సంఖ్యను పెద్దలు ఎప్పుడో విరిచారట, పుస్తకాల్లో ఉందట. కానీ ఆ సంగతి తెలియకుండా, ఏ యంత్రమూ లేకుండా, చేత్తో భాగించి 21649ని పట్టుకున్న నేత ఉపాధ్యాయుడికి తన నమస్కారాలు చెప్పమని రాశారు. ఆ వాక్యం ఆయన రెండుసార్లు చదివాడు.

"మీ గురించి గూడ రాసిన్రు సార్" అన్నాడు, కింద చూసి.

"ఏమని?"

"'నీ చేతిరాత ఇప్పటికీ చక్కగా ఉన్నది' అని."

ఆయన నా ముఖంలోకి చూశాడు. కార్డును జాగ్రత్తగా చొక్కా జేబులో పెట్టుకుంటూ, ఓదార్పుగా అన్నాడు:

"గది గూడ తక్కువ మాటేం గాదు సార్."